గట్టు లేని పొలాలు, పన్నెండు మంది పెద్దమనుషులు: ఇంగ్లండ్‌లోని లాక్స్‌టన్ ఊరి సంగతి

మెట్టరైతుబిడ్డ
నాకు ఒక ఫిర్యాదు ఉంది, ఒక సందేహం కూడా ఉంది. ఫిర్యాదు ముందు చెబుతాను. ఇంగ్లండ్ పల్లెల గురించి తెలుగులో ఎవరు రాసినా ఒక రాతి చర్చి, గుమ్మం మీద గులాబీ తీగ, మూలన ఒక పబ్బు, అంతటితో ఊరు అయిపోతుంది. అక్కడి జనం ఏం పండించుకుని బతికారో, ఎవరి చేను ఎక్కడ ముగుస్తుందో ఎవరు తేల్చేవారో ఒక్కరూ రాయరు. నాటింగ్‌హామ్‌లో నాలుగేళ్లుగా ఉంటున్న నాకే, గంట ప్రయాణం కూడా లేని లాక్స్‌టన్ గురించి పోయిన నవంబరు దాకా తెలియలేదు.

ఆ రోజు నేను చూసింది ఇది. ఎర్రటి బంకమట్టి నేలలో గోధుమ అప్పుడే వేలెడు మొలిచి ఉంది. కనుచూపు మేర ఒక్క గట్టు గానీ కంచె గానీ లేదు. ఒక ట్రాక్టరు ట్రక్కు నిండా మనుషులు వచ్చి దిగారు. లెక్కపెడితే పన్నెండు మంది ఉన్నారు. ఒకరి చేతిలో సమ్మెట, ఇంకొకరి చంకలో కొయ్య గూటాల కట్ట ఉన్నాయి. ఒక చేను చివర ఆగి, నాగటి అంచు పక్కనున్న గడ్డి బాటలోకి జరిగిందా లేదా అని చాలాసేపు వాదించుకున్నారు, అడుగులతో కొలిచారు, చివరికి ఒక గూటం దిగ్గొట్టి ముందుకు పోయారు. ఎవరూ గొంతు పెంచలేదు.

ఇప్పుడు సందేహం. మా ఊళ్లో మా నాన్నకూ మా పెదనాన్నగారి అబ్బాయికీ మధ్య మూరెడు గట్టు మీద పదకొండేళ్లుగా వ్యాజ్యం నడుస్తోంది. ఆ గట్టు విలువ కన్నా వాయిదాలకు తిరిగిన బస్సు ఛార్జీలే ఎక్కువయ్యాయి. గట్టు ఉంటేనే మనకు ఇంత గొడవ అయితే, అసలు గట్టే లేని చోట వందల ఏళ్లు ఎలా నెట్టుకొచ్చారు? ఆ గూటాన్ని రాత్రికి రాత్రి ఎవరైనా పీకి రెండడుగులు జరిపితే ఏమవుతుంది?

లీడ్స్‌వదిన
గూటం పీకడం గురించి మొదటి రోజే ఆలోచించారంటే మీరు అచ్చంగా మెట్టరైతు బిడ్డే.

పాతకాగితం
మీరు చూసింది జ్యూరీ దినం. ఏటా నవంబరు చివర్లో జరుగుతుంది. ఆ పన్నెండు మందిని అంతకుముందు డిసెంబరులో ఆ ఊరి కోర్టు నియమించి ఉంటుంది. దాని పేరు కోర్ట్ లీట్. మధ్యయుగాల నుంచి వచ్చిన మేనరు కోర్టు, అంటే జమీందారీ కచేరీ లాంటిది. ఆ సంవత్సరం గోధుమ చల్లిన పొలాన్ని వీళ్లు నడిచి చూస్తారు, ఎవరైనా బాటలోకో గడ్డి నేలలోకో దున్నితే రాసుకుంటారు, హద్దులకు గూటాలు కొడతారు, తర్వాత ఊళ్లోని డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో భోజనం చేస్తారు. వారం తర్వాత కోర్టు కూర్చుని ఆ తప్పులకు జరిమానాలు వేస్తుంది, మరుసటి ఏడాదికి కొత్త జ్యూరీని పెడుతుంది.

లాక్స్‌టన్‌లో ఇప్పటికీ మూడు పెద్ద పొలాలు ఉన్నాయి: పడమటి పొలం, దక్షిణ పొలం, మిల్లు పొలం. మూడూ ఉమ్మడి పద్ధతిలోనే సాగవుతాయి. ఒకదానిలో శీతకాలపు గోధుమ, రెండోదానిలో వసంతంలో చల్లే పంట, మూడోది బీడు. మరుసటి ఏడాది వంతు మారుతుంది. మీ చేను పడమటి పొలంలో ఉంటే, ఆ పొలానికి ఈ ఏడు బీడు వంతు వస్తే, మీకు ఇష్టం ఉన్నా లేకపోయినా అది బీడే. పక్కవాడు ఏం వేస్తాడో మీకు ముందే తెలుసు, మీరేం వేస్తారో అతనికి తెలుసు. కోత అయ్యాక పూర్వం ఊరి పశువులన్నీ ఆ మోళ్ల మీద కలిసి మేసేవి. అందుకే గట్లు లేవు. గట్టు కట్టుకుంటే ఉమ్మడి మేతకు అడ్డం.

చైన్‌మన్‌కొడుకు
మా నాన్నగారు సర్వే శాఖలో చైన్‌మన్‌గా ముప్పై ఏళ్లు పనిచేశారు కాబట్టి, హద్దుల విషయంలో నేను నోరు మూసుకుని కూర్చోలేను.

మనం రోజూ వాడే ఎకరం ఇలాంటి పొలాల్లోనే పుట్టింది. ఫర్లాంగు అంటే ఇంగ్లీషులో నాగటి చాలు పొడవు అని అర్థం, అంటే ఎద్దులు ఆగకుండా లాగగల దూరం, 220 గజాలు. దానికి 22 గజాల వెడల్పు కలిపితే ఒక ఎకరం, 4,840 చదరపు గజాలు. ఒక కాడి జట్టు ఒక రోజులో దున్నే నేల ఎకరం అని లెక్క. ఆ 22 గజాలే సర్వేలో ఒక చైను, మా నాన్నగారు భుజాన మోసిన గొలుసు. క్రికెట్ పిచ్ పొడవు కూడా అదే 22 గజాలు. అంటే బౌలరు పరుగెత్తుకొచ్చి బంతి వేసేది సరిగ్గా ఒక ఎకరం నేల చెక్క వెడల్పు మీదుగా అన్నమాట.

గుంటలలెక్క
ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు. మా తెలంగాణలో లెక్క ఇంత శుభ్రంగా ఉంటుంది.

సెంటుభూమి
ఎకరానికి వంద సెంట్లు. వందతో భాగించడం కన్నా శుభ్రమైన లెక్క ఏముంది? సెంటుకు 48.4 గజాలు అని మాత్రం ఎవరూ అడగకండి.

గుంటలలెక్క
అడగము. ఆ దశాంశ బిందువు దగ్గరే మీ తగాదాలన్నీ మొదలవుతాయని తెలుసు.

లీడ్స్‌వదిన
ఈ ఇద్దరినీ ఆ ట్రాక్టరు ట్రక్కు ఎక్కించి లాక్స్‌టన్‌కు పంపితే, ఆ ఊళ్లో ఎనిమిది వందల ఏళ్లలో జరగని గొడవ ఒక్క పూటలో జరుగుతుంది.

మెట్టరైతుబిడ్డ
పాతకాగితం గారూ, ఒక రైతు భూమి అంతా ఒకే చోట ఉండదా? అక్కడి వాళ్లు ఒకరితో మాట్లాడితే, తనకు మూడు పొలాల్లోనూ చెక్కలున్నాయని, ఒకదాని నుంచి ఇంకొకదానికి ట్రాక్టరు మీద పోవాలని చెప్పారు. ఇది అదనపు శ్రమ కాదా?

పాతకాగితం
శ్రమే. కానీ మూడు పొలాల్లోనూ భూమి లేకపోతే, తన భూమి ఉన్న పొలానికి బీడు వంతు వచ్చిన ఏడాది ఆ రైతు ఏం తింటాడు? అది మొదటి కారణం. రెండోది మీకే బాగా తెలుసు. అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడు మాగాణి అంతా పెద్దవాడికి, మెట్ట అంతా చిన్నవాడికి ఇస్తారా? మాగాణిలో ముక్క, మెట్టలో ముక్క, తోటలో ముక్క, చెరువు కింద ముక్క అని కోస్తారు. మంచి నేలా చెడ్డ నేలా అందరికీ వంతుగా రావాలి, వానకు ఒక చోట పోయినా ఇంకో చోట దక్కాలి. లాక్స్‌టన్ చెక్కల వెనక ఉన్న తర్కం కూడా అదే.

చైన్‌మన్‌కొడుకు
ఆ చెక్కల ఆకారం గమనించారా? ఇంగ్లండ్‌లో పాత ఉమ్మడి పొలాల ఆనవాళ్లు మిగిలిన చోట్ల చాళ్లు తిన్నగా ఉండవు. తిరగేసిన ఎస్ అక్షరంలా కొంచెం వంపు తిరిగి ఉంటాయి. ఎనిమిది ఎద్దుల నాగలి చాలు చివర మళ్లాలంటే చాలా జాగా కావాలి కాబట్టి, దున్నేవాడు చివరికి రాకముందే జట్టును పక్కకు తిప్పడం మొదలుపెట్టేవాడు. ఏటా అదే దారిలో దున్నడంతో మట్టి మధ్యకు పడి పడి, చెక్క నడుమ తాబేలు వీపులా లేచి, రెండు చెక్కల మధ్య పల్లం ఏర్పడేది. బంకమట్టి నేలలో ఆ పల్లమే మురుగు కాలువ, ఆ పల్లమే హద్దు. అంటే గట్టు లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. మన గట్టు పైకి ఉంటుంది, వాళ్లది కిందికి ఉండేది.

సెంటుభూమి
కిందికి ఉన్న గట్టును కొద్దికొద్దిగా చెక్కి కలుపుకోవడం కుదరదు కదా. ఎంత చెక్కితే పక్కవాడికి అంత లాభం. ఈ ఉపాయం మనవాళ్లకు ఎందుకు తట్టలేదు?

నీరటిమనవడు
మన వరి మడిలో నీళ్లు నిలవాలి, వాళ్ల గోధుమలో నీళ్లు పోవాలి. మన గట్టు నీళ్లను ఆపడానికి, వాళ్ల పల్లం నీళ్లను పంపడానికి. తట్టకపోవడం కాదు సెంటుభూమి గారూ, పంట వేరు.

ఎర్రరేగడి
ఇంతవరకు అందరూ ముచ్చటగా మాట్లాడుకున్నారు కాబట్టి నేను కొంచెం చేదు మాట చెబుతాను. ఇది రైతుల ప్రజాస్వామ్యం అన్నట్టు రాస్తున్నారు, కానీ ఆ కోర్టు ఎవరిది? ప్రభువుది. ఆ కోర్టులో అధ్యక్షస్థానంలో కూర్చునే స్టూవర్డు ఎవరి తరఫు మనిషి? ప్రభువు తరఫు మనిషి. ఊరికి ఉత్తరాన ఇప్పటికీ నిలిచి ఉన్న మట్టి కోట దిబ్బను చూశారా? నార్మన్‌ల కాలంలో మట్టి పోసి కట్టిన కోట అది. ఊరు దాని నీడలో పెరిగింది. తర్వాతి కాలంలో ఊరంతా పియర్‌పాంట్ వంశం చేతికి, అంటే ఎర్ల్ మాన్వర్స్ ఎస్టేటు చేతికి పోయింది. మన దగ్గర జమీందారు కచేరీలో కూర్చుని రైతులు తమలో తాము జరిమానాలు వేసుకుంటే, దాన్ని స్వపరిపాలన అని పిలుస్తామా?

రెండో మాట. ఉమ్మడి హక్కు ఉన్నది చెక్కలున్నవాడికీ, హక్కు అంటిపెట్టుకున్న ఇల్లు ఉన్నవాడికీ. ఏమీ లేని కూలివాడు ఆ పన్నెండు మందిలో లేడు. మన ఊరి కట్టుబాట్లను తలుచుకుని మురిసిపోయేవాళ్లు కూడా ఎవరు ఆ కట్టుబాటు బయట నిలబడ్డారో సౌకర్యంగా మరిచిపోతారు.

పాతకాగితం
ఎర్రరేగడి గారి రెండో మాటతో నాకు పేచీ లేదు. మొదటి మాటలో సగం మాత్రమే నిజం. కోర్టు ప్రభువు పేరున కూర్చునేది నిజమే, కానీ ప్రభువుకు కావలసింది శిస్తు. ఎవడి చాలు ఎవడి బాటలోకి వచ్చిందో అతనికి అక్కర లేదు, తెలియదు కూడా. ఆ సంగతి తెలిసింది పక్క చెక్కవాడికి. అందుకే తప్పు పట్టేది జ్యూరీ, తప్పు ఒప్పుకునేది ఇంకో రైతు, మరుసటి ఏడాది వాళ్ల స్థానాలు తారుమారు. ఇవాళ మీకు జరిమానా వేసినవాడి చెక్కను రేపు మీరు నడిచి చూస్తారు. మెట్టరైతుబిడ్డ గారు విన్న ఆ తగ్గు గొంతుకు కారణం అదేనని నా అభిప్రాయం.

ఈ ఊరి కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఒక పటం. 1635లో అప్పటి యజమాని, లండన్ వర్తకుడు సర్ విలియం కోర్టెన్ కోసం మార్క్ పియర్స్ అనే సర్వేయరు ఊరంతా కొలిచి పటం గీశాడు. దాంతో పాటు ఏ చెక్క ఎవరిది, విస్తీర్ణం ఎంత అని మన అడంగల్ లాగా ఒక పుస్తకం రాశాడు. పటం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. అందులో చెక్కలు దువ్వెన పళ్లలా సన్నగా బారులు తీరి ఉంటాయి, మధ్యమధ్య చీమంత మనుషులు దున్నుతూ కోస్తూ కనిపిస్తారు. ఆ పటంలో మూడు కాదు, నాలుగు పొలాలు ఉన్నాయి. తూర్పు పొలం తర్వాతి కాలంలో కంచెల పాలైంది.

చైన్‌మన్‌కొడుకు
1635లో ఒక్కొక్క చెక్కనూ కొలిచి రాశాడా! మా నాన్నగారు ఉంటే ఆ మార్క్ పియర్స్ పేరు విని దణ్ణం పెట్టేవారు. తర్వాత ఆ గొలుసు పట్టుకుని బురదలో నిలబడ్డవాడి పేరు ఎందుకు రాయలేదని అడిగేవారు.

గుంటలలెక్క
కంచెల పాలు కావడం అంటే ఏమిటి? ఇంగ్లండ్ అంతా ఇలాంటి ఉమ్మడి పొలాలే ఉండి ఉంటే మిగతావి ఏమయ్యాయి?

వకీలుసాబు
ఆ కథ పెద్దది, కుదించి చెబుతాను. ఎన్‌క్లోజర్ అనే పద్ధతిలో ఉమ్మడి పొలాలనూ మేత భూములనూ కలిపి, కొలిచి, ఒక్కొక్కరికి ఒకే చోట ముక్క ఇచ్చి, చుట్టూ కంచె వేయించారు. 1604 నుంచి 1914 వరకు బ్రిటిష్ పార్లమెంటు ఇందుకోసం 5,200కు పైగా చట్టాలు చేసింది. వాటి కిందికి వచ్చిన భూమి దాదాపు 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండ్ విస్తీర్ణంలో ఐదో వంతుకు మించింది. కాగితం మీద అందరికీ వాటా వచ్చింది. కాని చిన్న రైతు తన వాటాకు కంచె వేయించే ఖర్చు భరించలేక అమ్ముకున్నాడు. ఒక ఆవును మేపుకుంటూ బతికిన గుడిసెవాడికి ఆ హక్కుకు కాగితమే లేదు, అందుకని అతనికి ఏమీ రాలేదు. ఎర్రరేగడి గారు ఉమ్మడి పద్ధతిలో బయట నిలబడ్డవాడి గురించి అడిగారు. ఉమ్మడి పోయాక అతను నిలబడే చోటు కూడా పోయింది.

ఎర్రరేగడి
ఒప్పుకుంటున్నాను. పోయినదాన్ని మెచ్చుకోవడానికి దాని తర్వాత వచ్చినది చాలు.

నీరటిమనవడు
ఈ కంచెల వల్ల ఇంకొక తేడా వచ్చింది, దారిన పోయేవాళ్లు కూడా చూడవచ్చు. ఇంగ్లండ్‌లో చాలా చోట్ల రైతు ఇల్లు పొలం నడుమ ఒంటరిగా ఉంటుంది, ఎందుకంటే భూమి ఒకే చోటికి వచ్చాక ఇల్లూ అక్కడికే పోయింది. లాక్స్‌టన్‌లో అలా కాదు. రైతుల ఇళ్లన్నీ ఊరి వీధికి అటూ ఇటూ వరసగా, చాలావరకు కొస వీధి వైపు పెట్టుకుని ఉంటాయి. వెనక పశువుల పాక, దాని వెనక పొడవాటి దొడ్డి. పొలాలు ఊరి బయట. రెండేళ్ల కింద అక్కడికి పోయినప్పుడు, ఇంగ్లండ్‌లో మొదటిసారి నాకు మా ఊరి నడిబజారులో ఉన్నట్టు అనిపించింది. పక్కింటివాడు పొద్దున ట్రాక్టరు తీస్తే ఇటుపక్కవాడికి వినపడుతుంది.

మా తాత చెరువు నీరటి. తూము తీయడం, ఏ మడికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూడడం ఆయన పని. ఎండిపోయే చెరువు కింద నీళ్లు పంచడం ఎంత కష్టమో ఆయన్ని చూసి తెలుసుకున్నాను. ఆయనకు అధికారం ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక్కటే, రాత్రి లాంతరు పట్టుకుని గట్ల మీద నడుస్తాడని అందరికీ తెలుసు. లాక్స్‌టన్ జ్యూరీ గురించి చదివినప్పుడు నాకు ఆ లాంతరు గుర్తొచ్చింది.

లీడ్స్‌వదిన
నీరటిమనవడు గారూ, వీధి గురించి చెప్పారు గానీ ఆ వీధిలో ఉన్న బందెలదొడ్డి గురించి చెప్పలేదు. నేను పిల్లలతో వెళ్లినప్పుడు వాళ్లు చిన్న ప్రహరీ ఎక్కి ఆడుకుంటుంటే, ఇదేమిటని అక్కడి పెద్దావిణ్ని అడిగాను. పిన్‌ఫోల్డ్ అంది. ఊరి మీద పడ్డ పశువును తోలుకొచ్చి అందులో కట్టేసేవారట, జరిమానా కట్టి విడిపించుకోవాలట. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పరాయి చేలో పడ్డ గేదెను తోలిన బందెలదొడ్డి ఇదే కదా అనుకున్నాను. తోలే మనిషిని పిండర్ అంటారట. మా అమ్మమ్మ ఊరి దొడ్డి కాపలాదారును జనం ఏమనేవారో ఇక్కడ రాయలేను.

వకీలుసాబు
పోలిక పైపైది కాదు. మన బందెలదొడ్లను చట్టబద్ధం చేసిన 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఆంగ్లేయ పాలకులు చేసినదే. తమ పల్లెల్లో ఎరిగిన దొడ్డినే ఇక్కడ సర్కారీ దొడ్డిగా మార్చారు. తేడా ఏమిటంటే అక్కడ పిండర్‌ను ఊరి కోర్టు పెట్టింది, ఇక్కడ దొడ్డి జిల్లా అధికారి కిందికి పోయింది.

సెంటుభూమి
ఇంగ్లండ్ మొత్తంలో ఇలాంటి ఊరు ఇదొక్కటే అని ఎక్కడో చదివాను.

పాతకాగితం
చిన్న సవరణ. గట్లు లేని ఉమ్మడి పొలాల రూపం డెవన్‌లోని బ్రాంటన్ గ్రేట్ ఫీల్డ్‌లోనూ, లింకన్‌షైర్‌లోని ఐల్ ఆఫ్ ఆక్స్‌హోమ్‌లోనూ మిగిలి ఉంది. అయితే మూడు పొలాల వంతు, దాన్ని నడిపే కోర్టు రెండూ బతికి ఉన్నది లాక్స్‌టన్‌లోనే.

వకీలుసాబు
కోర్టు విషయం నా శాఖ కాబట్టి ఇంకొంచెం చెబుతాను. 1977లో బ్రిటన్ న్యాయపాలన చట్టం ఇలాంటి పాత కోర్టులన్నింటి న్యాయాధికారాన్ని రద్దు చేసింది. చాలా ఊళ్లలో ఇప్పుడు కోర్ట్ లీట్ అంటే ఏడాదికోసారి ఎర్ర అంగీలు తొడుక్కుని విందు చేసుకోవడమే. లాక్స్‌టన్ కోర్టు అధికారాన్ని మాత్రం ఆ చట్టమే పేరు పెట్టి నిలబెట్టింది. అక్కడ వేసే జరిమానా నామమాత్రమే కావచ్చు, కానీ అది చట్టం ఒప్పుకున్న జరిమానా.

గుంటలలెక్క
ఇదంతా సరే, ఊరు ఎందుకు మిగిలింది? పక్క ఊళ్లన్నీ కంచెల పాలైతే ఈ ఒక్క ఊరి రైతులు అంత గట్టివాళ్లా?

ఎర్రరేగడి
గట్టితనం ఏమీ కాదని నా అనుమానం. ప్రభువుకు ఖర్చు పెట్టబుద్ధి కాలేదు, అంతే.

పాతకాగితం
ఇందులో ఎర్రరేగడి గారికి సగానికి పైగా మార్కులు వేస్తాను. లాక్స్‌టన్‌లో కూడా 18వ శతాబ్దంలో కొంత భూమిని కంచెల కిందికి తెచ్చారు. మొత్తం చేయాలన్న ఆలోచన ఉండేది గాని, భూమి చాలామంది చేతుల్లో చిక్కులు పడి ఉండడం, కొలతకూ కంచెలకూ ఖర్చు కావడం వల్ల పని ముందుకు సాగలేదు. 20వ శతాబ్దం మొదటి దశకంలో ఎస్టేటు వాళ్లు మరీ సన్నటి చెక్కలను కలిపి పెద్దవి చేశారు. అది లేకపోతే ట్రాక్టరు వచ్చిన రోజున పద్ధతి చచ్చిపోయేది. అంటే కాపాడినది కొంత అలసత్వం, కొంత సర్దుబాటు.

అప్పటికి ఇది వింతగా మారిందని అందరికీ తెలిసింది. 1952లో ఎర్ల్ మాన్వర్స్ ఊరిని అమ్మేస్తే, పద్ధతి పోకూడదని వ్యవసాయ మంత్రిత్వ శాఖ కొన్నది. 1981లో అది రాచ ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు మారింది. 2020లో క్రౌన్ ఎస్టేట్ దాన్ని థోర్స్‌బీ ఎస్టేటుకు అమ్మింది. ఆ థోర్స్‌బీ ఎవరిదనుకున్నారు? ఆ పాత మాన్వర్స్ వంశపు వారసులదే.

సెంటుభూమి
అరవై ఎనిమిదేళ్ల తర్వాత జమీందారు తిరిగి వచ్చాడన్నమాట. మన సినిమాల్లో ఇలా జరిగితే రెండో సగంలో వాన, కొడవళ్లు ఉంటాయి.

నీరటిమనవడు
అక్కడ కొడవళ్లు గడ్డి కోతకే. గడ్డి అంటే గుర్తొచ్చింది, సైక్‌ల గురించి ఎవరూ చెప్పలేదు. పొలాల మధ్య వాగు పల్లాల్లో, దున్నడానికి వీలుకాని చోట్ల, గడ్డి పట్టెలు వదిలేస్తారు. మా వైపు బంచరాయి అంటామే, అలాంటివి, కానీ సన్నగా పాముల్లా ఉంటాయి. ఆ గడ్డిని ఏటా ఎండాకాలంలో వేలం వేస్తారు, వచ్చిన సొమ్మును ఉమ్మడి హక్కున్నవాళ్లు పంచుకుంటారు. మా ఊరి చెరువు చేపల వేలంపాట లాగే ఉంటుంది, అరుపులు తక్కువ. ఎప్పుడూ నాగలి పడని నేల కాబట్టి అందులో గడ్డిపూలు ఇన్ని రకాలు ఉంటాయని నేను అనుకోలేదు. మీరు నవంబరులో చూసిన గూటాలు ఎక్కువగా ఈ సైక్‌ల అంచున, బాటల అంచున కొడతారు. రైతు నాగలి మొదట కన్ను వేసేది ఎవరిదీ కాని నేల మీదే.

ఎర్రరేగడి
ఆ ఒక్క మాట పోరంబోకు ఉన్న ప్రతి ఊరికీ వర్తిస్తుంది. మా ఊరి మేత పోరంబోకు నేను చిన్నప్పుడు పదహారు ఎకరాలు. ఇప్పుడు అందులో ఒక బడి, ఒక నీళ్ల ట్యాంకు, నలుగురు పెద్దమనుషుల తోటలు పోగా మిగిలినది ఒక వేపచెట్టు నీడ. ఏటా నడిచి చూసేవాళ్లు ఉంటే ఆ తోటలు మొదటి చాలు దగ్గరే ఆగేవి. సరే, నేను మొదట రాసిన దాంట్లోని వెటకారం కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

లీడ్స్‌వదిన
ఎర్రరేగడి గారు వెనక్కి తీసుకున్నారు! దీనికి కూడా ఒక గూటం కొట్టి ఉంచండి, రాత్రికి జరిపేస్తారు.

మెట్టరైతుబిడ్డ
అందరికీ కృతజ్ఞతలు. కానీ నా అసలు ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. గూటం పీకితే?

చైన్‌మన్‌కొడుకు
ఆ జవాబు మా నాన్నగారి అనుభవం నుంచి చెబుతాను. సర్వే రాయి పీకేసిన కేసులు ఆయన ఎన్నో చూశారు. రాయి పీకితే గొడవ ఎందుకు పెరుగుతుందంటే, అది ఎక్కడ ఉండేదో తెలిసినవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరే వాది, ప్రతివాది. మూడో మనిషి వచ్చి కొలవాలంటే అర్జీ పెట్టాలి, తేదీ రావాలి, కొలిచే వేళకు ఇద్దరూ సంతకం పెట్టాలి, ఒకరు పెట్టరు. లాక్స్‌టన్‌లో ఆ గూటం కొట్టేటప్పుడు పన్నెండు మంది దాని చుట్టూ నిలబడి ఉన్నారు, వాదించుకున్నారు, అడుగులతో కొలిచారు. మీరే చూశారు. గూటం పీకవచ్చు, పన్నెండు మంది జ్ఞాపకాన్ని పీకలేరు. పైగా ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇంకో పన్నెండు మంది వస్తారు. మీ కుటుంబపు గట్టును పదకొండేళ్లలో ఎంతమంది వచ్చి నిలబడి చూశారు?

మెట్టరైతుబిడ్డ
ఎవరూ చూడలేదు. ఒకసారి అమీను వచ్చాడు, కారు దిగలేదు.

వకీలుసాబు
వృత్తిరీత్యా నేను ఇలా చెప్పకూడదు గానీ, సివిల్ దావా నడుస్తున్నా ఇరుపక్షాలూ కలిసి రాజీ పత్రం దాఖలు చేసుకోవచ్చు. ఊళ్లో మీ ఇద్దరికీ నమ్మకం ఉన్న నలుగురు రైతులను, పక్క చేలవాళ్లయితే ఇంకా మేలు, ఒక పొద్దున చేలో నడిపించండి. పన్నెండు మంది దొరకకపోయినా ఫరవాలేదు.

మెట్టరైతుబిడ్డ
నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం మా నాన్నకు ఫోనులో చదివి వినిపించాను. ఆయన ఎక్కువసేపు అడిగింది ఆ బీడు వంతు గురించే. ఏడాది బీడు పెట్టమంటే ఎవరూ ఎదురు చెప్పరా అని నాలుగుసార్లు అడిగారు. చివర్లో, ఆ గూటాల ఫొటో వాడికీ పంపు, అన్నారు. వాడు అంటే పెదనాన్నగారి అబ్బాయి. ఆ పేరు ఆయన నోట నేను విని చాలా ఏళ్లయింది. పంపాను. ఈ పొద్దున అన్నయ్య దగ్గర నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది: ఆ పన్నెండు మందికి భోజనం ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

సెంటుభూమి
మనవాడే.

చైన్‌మన్‌కొడుకు
ఆ ప్రశ్న అడిగారంటే సగం దారి నడిచినట్టే. చెరి సగం అని రాయండి, వెంటనే రాయండి.

లీడ్స్‌వదిన
చేపల పులుసు పెడితే పన్నెండు మంది ఏమిటి, ఊరంతా జ్యూరీలో ఉంటుంది.

మెట్టరైతుబిడ్డ
చెరి సగం అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.